ఒకే పుస్తకం, వేర్వేరు పాఠకులు: మాడెలిన్ లెంగల్ 'టైమ్ క్వింటెట్' స్వీకరణ చరిత్ర

గత భాగాల్లో శాసనాలు, నాణేలు, ప్రభుత్వ దస్త్రాలు, వార్తాపత్రికలు చరిత్ర రచనకు ఆధారాలుగా ఎలా ఉపయోగపడతాయో తెలుసుకున్నాం. ఈ భాగంలో కొంచెం భిన్నమైన ఆధారాన్ని పరిశీలిద్దాం. అది పాఠకుల అభిప్రాయం. ఒక పుస్తకం అచ్చయిన తరువాత దాన్ని ఎవరు చదివారు, చదివి ఏమనుకున్నారు, ఎవరు దాన్ని పిల్లల చేతికిచ్చారు, ఎవరు పిల్లల చేతిలో నుంచి తీసేయాలని చూశారు అనే ప్రశ్నలతో సాగే అధ్యయనాన్ని స్వీకరణ చరిత్ర అంటారు.

సంపర్క తరగతుల్లో ఈ అంశం చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఒకే పుస్తకం మీద ఇన్ని అభిప్రాయాలుంటే పరీక్షలో ఏది రాయాలి?" ఈ ప్రశ్నకు నవ్వాల్సిన పని లేదు. దాని వెనుక నిజమైన చిక్కే ఉంది. అభిప్రాయాలన్నీ సమానమైతే చరిత్రకారుడు చేసేదేమీ ఉండదు, జాబితా రాసి ఊరుకుంటే చాలు. ఒకటే సరైనదైతే మిగిలినవన్నీ తప్పుల పట్టిక అవుతాయి. ఈ రెండు దారులూ పనికిరావు. పాఠకుడు చెప్పిన మాటలో పుస్తకంలో నిజంగా ఉన్నదెంత, పాఠకుడు తన కాలం నుంచి తెచ్చి కలిపినదెంత అని వేరు చేయడం చరిత్రకారుడి పని. ఆ రెండు పాళ్లూ మనకు ఉపయోగపడేవే, కాని అవి వేర్వేరు విషయాలకు ఆధారాలు.

ఇందుకు ఉదాహరణగా అమెరికన్ రచయిత్రి మాడెలిన్ లెంగల్ (1918-2007) పిల్లల కోసం రాసిన అయిదు నవలల వరుసను తీసుకుంటున్నాను. ఇది మన దేశపు పుస్తకం కాదు, మన వివాదం కూడా కాదు. అదొక సౌకర్యం అనుకోండి. మనకు ముందే ఒక పక్షం లేని తగాదాలో సాక్ష్యాన్ని తూచడం తేలిక.

పుస్తకాలు, వాటి కథ

ఈ వరుసలో మొదటి నవల 'ఎ రింకిల్ ఇన్ టైమ్' 1962లో వెలువడింది. 'కాలంలో ఒక మడత' అని దాని పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. తరువాత 'ఎ విండ్ ఇన్ ది డోర్' (1973), 'ఎ స్విఫ్ట్‌లీ టిల్టింగ్ ప్లానెట్' (1978), 'మెనీ వాటర్స్' (1986), 'యాన్ ఆక్సెప్టబుల్ టైమ్' (1989) వచ్చాయి. మొదటి పుస్తకానికీ చివరి పుస్తకానికీ మధ్య ఇరవై ఏడేళ్లు గడిచాయి. మొదటి నవలను పదేళ్ల వయసులో చదివిన బాలిక చివరి నవల వచ్చేసరికి తానే పిల్లల తల్లి అయి ఉండవచ్చు. ఈ వరుస మీద అభిప్రాయాలు ఇంతగా వేరుపడటానికి ఇదీ ఒక కారణం.

మొదటి నవల కథ క్లుప్తంగా ఇది. మెగ్ మరీ హైస్కూలు అమ్మాయి. కళ్లద్దాలు, పళ్లకు తీగలు, ముక్కు మీద కోపం, లెక్కల్లో మాత్రం దిట్ట. తల్లిదండ్రులిద్దరూ శాస్త్రవేత్తలు. ప్రభుత్వ పరిశోధన మీద వెళ్లిన తండ్రి జాడ లేకుండా పోతాడు. మిసెస్ వాట్సిట్, మిసెస్ హూ, మిసెస్ విచ్ అనే ముగ్గురు వింత స్త్రీల సాయంతో మెగ్, అయిదేళ్ల తమ్ముడు చార్లెస్ వాలెస్, స్నేహితుడు కాల్విన్ కలిసి అతణ్ణి వెదుకుతూ అంతరిక్షంలోకి వెళతారు. కామజాట్జ్ అనే గ్రహం మీద ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. వాకిళ్లలో పిల్లలు ఒకే లయలో బంతి కొడుతుంటారు. లయ తప్పిన ఒక పిల్లవాడిని చూసి వాడి తల్లి వణికిపోతుంది. 'ఇట్' అనే ఒక పెద్ద మెదడు అక్కడ అందరి ఆలోచనలనూ నడుపుతుంటుంది. దాని వశమైపోయిన తమ్ముణ్ణి విడిపించడానికి మెగ్ చివరికి ఒంటరిగా తిరిగి వెళ్లాలి.

పిల్లలు ప్రయాణించే పద్ధతికి రచయిత్రి వాడిన మాట 'టెసరాక్ట్'. ఇది ఆమె కల్పించింది కాదు. బ్రిటిష్ గణితవేత్త చార్లెస్ హోవార్డ్ హింటన్ 1888లో వాడిన మాట. చతురస్రానికి ఘనం ఎలాంటిదో ఘనానికి టెసరాక్ట్ అలాంటిది, అంటే నాలుగు పరిమాణాల ఆకారం. నవలలో అది దూరాన్ని మడిచే ప్రయాణంగా మారింది. చీర కొంగు ఒక చివర నుంచి ఇంకో చివరకు చీమ నడవాలంటే చాలాసేపు పడుతుంది. రెండు చివరలూ దగ్గరికి తెస్తే ఒక్క అడుగు చాలు. నవలలోనూ దాదాపు ఇలాంటి పోలికే ఉంది. గణితం తెలిసిన పాఠకులు దీన్ని విజ్ఞానశాస్త్రం కాదని కొట్టిపారేశారు. వారి మాట నిజమే. అందుకే ఈ రకం రచనను విజ్ఞాన కల్పన అనకుండా విజ్ఞాన అద్భుత కథ అంటారు. శాస్త్రం నుంచి మాటను, ఊహను తీసుకుని దాని మీద అద్భుతాన్ని కడతారు. అయితే రెండో నవలలో లెంగల్ మైటోకాండ్రియాను కథావస్తువు చేసింది. అవి ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన సూక్ష్మజీవుల సంతతి కావచ్చనే ఆలోచనను అందులో వాడుకుంది. లిన్ మార్గులిస్ 1967లో ప్రచురించిన ఆ వాదం 1973 నాటికి ఇంకా జీవశాస్త్రవేత్తలందరి ఆమోదం పొందలేదు. కాబట్టి ఆమెకు శాస్త్రం తెలియదన్న విమర్శను కొంచెం ఆచితూచి స్వీకరించాలి.

తిరస్కరణ నుంచి పతకం వరకు

ఈ నవలకు మొదటి పాఠకులు ప్రచురణ సంస్థల సంపాదకులు. వారికి అది నచ్చలేదు. ఇరవై ఆరుసార్లో అంతకంటే ఎక్కువసార్లో తిరస్కరణకు గురైందని రచయిత్రి చెప్పుకుంది. చివరికి ఫారర్, స్ట్రాస్ అండ్ కడాహీ సంస్థ అచ్చు వేసింది. ఇది పిల్లలకా పెద్దలకా తేలడం లేదు, చెడును గురించి పిల్లలకు మరీ సూటిగా చెబుతోంది, అంతరిక్ష కథకు ఆడపిల్ల నాయిక ఏమిటి అన్నవి తిరస్కరణకు కారణాలుగా ఆమె చెప్పిన మాటలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ వివరాలకు ప్రధాన ఆధారం రచయిత్రి స్వయంగా, అదీ విజయం వచ్చిన తరువాత, చెప్పిన మాటలు. ఆమె జ్ఞాపకాల పుస్తకాలలో నిజం, కల్పన కలిసిపోయాయని కుటుంబ సభ్యులే అన్నట్లు 2004లో న్యూయార్కర్ పత్రికలో ఒక పెద్ద వ్యాసం వచ్చింది. దాన్నిబట్టి తిరస్కరణలు జరగలేదని అనలేం. అంకెను మాత్రం శిలాశాసనంగా తీసుకోకూడదు. ఎన్నో చోట్ల తిరస్కరణ పొంది ఆ తరువాత జగత్ప్రసిద్ధమైంది అనే కథ వినడానికి ఎంత బాగుంటుందో, చరిత్రకారుడికి అంత జాగ్రత్త అవసరం.

1963లో ఈ నవలకు న్యూబరీ పతకం వచ్చింది. అమెరికాలో పిల్లల పుస్తకాలకు 1922 నుంచి ఏటా ఇచ్చే గౌరవమిది. ఇచ్చేది ప్రభుత్వం కాదు, అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్, అంటే గ్రంథపాలకుల సంఘం. ఈ సంఘం పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. పతకం వచ్చిన పుస్తకం దాదాపు ప్రతి పాఠశాల గ్రంథాలయానికీ చేరుతుంది. ఎవరూ కొనని పుస్తకం మీద ఎవరూ అభ్యంతరం చెప్పరు. తరువాతి వివాదాలన్నిటికీ వేదిక ఈ పతకంతోనే తయారైంది.

ప్రచ్ఛన్న యుద్ధ కాలపు పాఠకులు

1960లలో చాలామంది అమెరికన్ పాఠకులకు కామజాట్జ్ అంటే సోవియట్ యూనియనే. అందరూ ఒకేలా ఉండాలి, ఒక కేంద్రం అందరి తరఫునా ఆలోచిస్తుంది అన్న చిత్రణ వారికి రోజూ పత్రికల్లో చదివే కమ్యూనిస్టు దేశాల వర్ణనలా తోచింది. 1957లో స్పుత్నిక్ ఆకాశంలోకి వెళ్లిన నాటి నుంచి అమెరికాలో విజ్ఞానశాస్త్ర బోధన కూడా దేశ రక్షణ వ్యవహారమైంది. మెగ్ తండ్రి ప్రభుత్వ రహస్య పరిశోధనలో ఉండటం ఆ వాతావరణానికి సరిగ్గా అతుకుతుంది.

విద్యార్థుల సమాధాన పత్రాల్లో ఇక్కడ ఒక పొరపాటు తరచుగా చూశాను. బెర్లిన్ గోడ, క్యూబా క్షిపణి సంక్షోభం ఈ నవలకు ప్రేరణ అని రాస్తారు. కాలక్రమం చూడండి. లెంగల్ నవలను 1959-60లో రాసింది. గోడ కట్టడం మొదలైంది 1961 ఆగస్టులో. పుస్తకం బజారులోకి వచ్చింది 1962 ఆరంభంలో. క్యూబా సంక్షోభం వచ్చింది అదే ఏడాది అక్టోబరులో. రచనకు ఇవి కారణం కాలేవు. కాని ఆ అక్టోబరులో ఈ పుస్తకాన్ని తెరిచిన పాఠకుడి మనసులో క్షిపణులు తప్పక ఉండి ఉంటాయి. రచనకు కారణం వేరు, పఠనానికి సందర్భం వేరు.

మరి కామజాట్జ్ నిజంగా సోవియట్ చిత్రమేనా? దీన్ని ఒప్పుకోని పాఠకులు మొదటి నుంచీ ఉన్నారు. ఒకే నమూనా ఇళ్లు, ఒకే కొలత పచ్చిక, ఒకే వేళకు వాకిట్లోకి వచ్చే పిల్లలు అంటే మాస్కో కంటే ముందు అమెరికా శివారు కాలనీలే గుర్తొస్తాయని వారి వాదన. 1947 నుంచి న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ అనే కాలనీలో వేల ఇళ్లను సరిగ్గా ఇలాగే, కర్మాగారంలో సరుకు తయారుచేసినట్లు కట్టారు.

ఈ చర్చకు 2015లో ఒక కొత్త ఆధారం దొరికింది. అచ్చులో లేని సుమారు మూడు పేజీల భాగాన్ని రచయిత్రి మనుమరాలు పాత కాగితాల్లో గుర్తించగా, వాల్ స్ట్రీట్ జర్నల్ దాన్ని ప్రచురించింది. అందులో మెగ్ అడిగిన ప్రశ్నకు తండ్రి జవాబిస్తాడు. నియంతల పాలనల ప్రస్తావన చేస్తాడు. అయితే అంతటితో ఆగడు. సుఖంగా ఉన్న స్వేచ్ఛా దేశాలు కూడా భద్రత మీద మితిమీరిన మోజుతో అదే దారిన పోవచ్చన్నది అతని మాటల సారాంశం. అంటే రచయిత్రి వేలు ఒక్క తూర్పు వైపే చూపలేదు. శివారు కాలనీ పాఠకుల వాదనకు అర్ధ శతాబ్దం తరువాత బలం దొరికింది.

అయినా ఒక్క మాట. ఆ భాగం రచయిత్రి ఉద్దేశానికి ఆధారం. 1960లలో పాఠకులు చదివిన పుస్తకంలో అది లేదు. కనుక వారి పఠనం తప్పని దీనితో కొట్టేయడం న్యాయం కాదు. చిత్తుప్రతిని చూపించి అచ్చుప్రతి పాఠకులను విచారించకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: క్యూబా సంక్షోభాన్ని ఈ నవలకు 'కారణం' అనకుండా 'పఠన సందర్భం' అని ఎందుకన్నాం? అయిదు వాక్యాల్లో రాయండి.

మత విశ్వాసం: రెండు వైపుల నుంచి దాడి

లెంగల్ ఎపిస్కోపల్ శాఖకు చెందిన క్రైస్తవురాలు. న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ది డివైన్ కెథీడ్రల్ గ్రంథాలయంలో ఎన్నో ఏళ్లు పనిచేసింది. విశ్వాసం, కళ గురించి 'వాకింగ్ ఆన్ వాటర్' (1980) అనే పుస్తకమే రాసింది. నవలల్లో బైబిల్ మాటలు అడుగడుగునా వినిపిస్తాయి. నాలుగో నవల ఏకంగా నోవహు జలప్రళయ కాలంలో నడుస్తుంది. మతం లేని పాఠకుల్లో కొందరికి ఇది ఇబ్బంది. అంతరిక్ష కథ అనుకుని తీస్తే చర్చి ప్రసంగం తగిలిందని వారి ఫిర్యాదు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

ఆశ్చర్యకరమైన వ్యతిరేకత రెండో వైపు నుంచి, సంప్రదాయ క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చింది. 1985లో ఫ్లోరిడా రాష్ట్రంలోని పోక్ సిటీ ప్రాథమిక పాఠశాలలో ఒకరు, ఈ కథ మంత్రగత్తెలనూ స్ఫటిక గోళంలో భవిష్యత్తు చూడటాన్నీ దయ్యాలనూ ప్రోత్సహిస్తోందని ఫిర్యాదు చేశారు. 1990లో అలబామా రాష్ట్రంలోని అనిస్టన్ పాఠశాలల్లో ఇంకో ఫిర్యాదు వచ్చింది. చీకటితో పోరాడిన వారి జాబితాలో యేసుక్రీస్తు పేరును కళాకారులు, తత్వవేత్తలు, శాస్త్రవేత్తలు, ఇతర మత గురువుల పేర్ల పక్కన చేర్చారన్నది అక్కడి అభ్యంతరం.

ఈ రెండు ఫిర్యాదులను పత్రికలు ఒకే గాటన కట్టి 'ఛాందసం' అని ముద్ర వేశాయి. చరిత్ర విద్యార్థి అలా చేయకూడదు. ఆధారాల బాహ్య విమర్శ, అంతర్గత విమర్శ గురించి మీరు ఇదివరకే చదివారు. పుస్తకం తెరిచి చూద్దాం.

మొదటి ఫిర్యాదు పాఠంతో సరిపోదు. ఆ ముగ్గురు స్త్రీలలో ఒకరి పేరు ఇంగ్లీషులో మంత్రగత్తె అనే మాటతో పలుకులో కలుస్తుంది. వారు వేసుకున్న వేషాలూ అలాంటివే. కాని అదంతా పరిహాసమని కథే చెబుతుంది. మిసెస్ వాట్సిట్ ఒకప్పుడు నక్షత్రం. చీకటితో పోరాడి తన నక్షత్ర జీవితాన్ని అర్పించింది. వారు దేవదూతల కోవకు చెందినవారని కథ సూచిస్తుంది. స్ఫటిక గోళం మాత్రం ఉంది, అందులో చూసే పాత్ర కూడా ఉంది. అయితే ఆ పాత్ర హాస్యం కోసం వచ్చింది. ఈ ఫిర్యాదు నవల గురించి కంటే 1980ల అమెరికా గురించి ఎక్కువ చెబుతుంది. ఆ దశాబ్దంలో క్షుద్రపూజల భయం అక్కడ ఊళ్లకు ఊళ్లనే పట్టుకుంది. శిశు సంరక్షణ కేంద్రాల మీద కేసులు కూడా నడిచాయి.

రెండో ఫిర్యాదు వేరు. అది చేసిన వ్యక్తి పుస్తకాన్ని జాగ్రత్తగా చదివారు. అయిదో అధ్యాయంలో ఆ జాబితా నిజంగానే ఉంది. యేసు పేరు మొదట వస్తుంది. తరువాత పిల్లలు ఒకరి మీద ఒకరు అందుకుంటూ లియొనార్డో డా విన్సీ, మైకెలాంజిలో, షేక్స్‌పియర్, బాఖ్, పాశ్చర్, మేడమ్ క్యూరీ, ఐన్‌స్టయిన్, ష్వైట్జర్, గాంధీ, బుద్ధుడు, బీతోవెన్, రెంబ్రాంట్, సెయింట్ ఫ్రాన్సిస్, యూక్లిడ్, కోపర్నికస్ పేర్లు చెబుతారు. క్రీస్తు అద్వితీయుడని నమ్మే వ్యక్తికి ఈ వరుస అభ్యంతరకరంగా తోచడంలో అజ్ఞానం ఏమీ లేదు. ఆ పాఠకులకు, లెంగల్‌కు మధ్య నిజమైన తాత్విక భేదం ఉంది. వెలుగు ఎక్కడున్నా ఒక్క చోటి నుంచే వచ్చిందని లెంగల్ నమ్మకం. ఆ నమ్మకమే ఆమెను బుద్ధుణ్ణి, బీతోవెన్‌ను ఒకే ఊపిరిలో తలచేలా చేసింది. ఫిర్యాదులో పరిశీలన సరైనది. దాని నుంచి లాగిన నిర్ణయం, అంటే ఊళ్లోని పిల్లలెవరూ ఈ పుస్తకం చదవకూడదన్నది, వేరే సంగతి. తన బిడ్డకు వద్దనడం తల్లిదండ్రుల హక్కు. పక్కింటి బిడ్డకు కూడా వద్దనడం దగ్గరే తగాదా మొదలవుతుంది. నా వరకు నేను ఆ రెండో హక్కును ఒప్పుకోను. అయినా ఆ పాఠకుడి చదువును మాత్రం తక్కువ చేయను. చదవకుండా మెచ్చుకున్న చాలామంది కంటే ఆయనో ఆమెనో మేలు.

మన దేశంలో ఈ పేజీ చదివే వారికి ఒక చిన్న విశేషం. గాంధీ, బుద్ధుడి పేర్లు చూసి మనం సంతోషపడి పేజీ తిప్పేస్తాం. ఆ పేర్లే ఆ పేజీని వివాదంలోకి లాగిన వాటిలో ఉన్నాయని మనకు తట్టదు. ఇంకొకటి కూడా వెంటనే తట్టదు. పదహారు పేర్లలో స్త్రీ ఒక్క మేడమ్ క్యూరీయే. 1990లో అభ్యంతరం చెప్పిన వారు దీన్ని ప్రస్తావించలేదు. నేటి విద్యార్థినులు మొదట అడిగేది ఇదే.

ఇక్కడ రెండు పారిభాషిక పదాలను వేరు చేసుకోవాలి. పుస్తకాన్ని తొలగించమని లేదా పరిమితం చేయమని లాంఛనంగా కోరడం 'అభ్యంతరం'. నిజంగా తొలగించడం 'నిషేధం'. ఈ నవల అమెరికా అంతటా నిషేధించబడిందని రాయడం తప్పు. అభ్యంతరాల లెక్క సేకరించేది ఎవరో కాదు, పతకం ఇచ్చిన అమెరికన్ లైబ్రరీ అసోసియేషనే. 1990-99 దశాబ్దానికి ఆ సంఘం ప్రకటించిన వంద పుస్తకాల జాబితాలో ఈ నవల మొదటి ఇరవై అయిదు లోపే ఉంది. తరువాతి దశాబ్దం జాబితాలో అడుగు వరుసలకు జారింది. అయితే చాలా అభ్యంతరాలు తమ దాకా రావని ఆ సంఘమే చెబుతుంది. పైగా పుస్తకాలను కాపాడే పక్షంలో అదే ముందుంటుంది. కాబట్టి ఆ జాబితాను జనాభా లెక్కలా చూడకూడదు, ఒక పక్షం శ్రద్ధగా రాసుకున్న దినచర్యలా చూడాలి.

మెగ్‌ను ఇష్టపడినవారు, మెగ్ కోసం బాధపడినవారు

1963లో బెట్టీ ఫ్రీడన్ 'ది ఫెమినైన్ మిస్టిక్' వచ్చింది. అదే సంవత్సరం న్యూబరీ పతకం పొందిన నవలలో అందగత్తె కాని, కోపిష్టి, లెక్కలు బాగా వచ్చిన అమ్మాయి విశ్వాన్ని ఎదిరించింది. ఆమె తల్లి ప్రయోగశాలలో బన్సెన్ బర్నర్ మీదే ఇంటిల్లిపాదికీ కూర వండే శాస్త్రవేత్త. నీ లోపాలే నీకు నేనిచ్చే కానుక అని మిసెస్ వాట్సిట్ మెగ్‌కు చెప్పే సన్నివేశం ఒక తరం ఆడపిల్లలకు గుర్తుండిపోయింది. చక్కగా మాట్లాడటం, చెప్పిన మాట వినడం మాత్రమే మంచి అని చెప్పే పిల్లల పుస్తకాల మధ్య మొండితనం కూడా ఆయుధం కావచ్చని చెప్పింది.

ఆ తరం పెద్దదై 1978లో మూడో నవల తెరిచింది. అందులో మెగ్‌కు పెళ్లయింది, గర్భవతి. అటక గదిలో మంచం మీద పడుకుని, మనసుతో మనసు కలిపే విద్యతో తమ్ముడి సాహసాన్ని గమనిస్తుంటుంది. సాహసం అతనిది, కాపలా ఆమెది. స్త్రీవాద పాఠకులు దీన్ని ద్రోహంగా భావించారు. ఇంకొందరు, ప్రత్యేకించి తామూ తల్లులైనవారు, కదలకుండా ప్రేమించడం కూడా పనే కదా అన్నారు. నాకు మొదటి పక్షంలోనే బలం కనిపిస్తుంది. తల్లి కావడం తప్పని కాదు. మొదటి నవలలో శాస్త్రం, సంసారం రెండూ నడిపిన తల్లిని చూపిన రచయిత్రి కూతురికి ఆ రెండూ ఎందుకు ఇవ్వలేదన్నది పుస్తకం లోపలి నుంచే వచ్చే ప్రశ్న. ఇది బయట నుంచి తెచ్చిన సిద్ధాంతం కాదు.

నీలి కళ్ల సమస్య

మూడో నవలకు 1980లో అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. ఇవాళ ఈ వరుసలో ఎక్కువ విమర్శకు గురయ్యేది కూడా అదే. చరిత్ర విద్యార్థులుగా మీరు అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఈ భాగాన్నే.

కథలో దక్షిణ అమెరికాలోని ఒక కల్పిత దేశపు నియంత అణుయుద్ధానికి సిద్ధమవుతాడు. దాన్ని ఆపడానికి చార్లెస్ వాలెస్ రెక్కల ఏకశృంగి మీద గతంలోకి వెళ్లి నియంత వంశ చరిత్రనే మార్చాలి. ఆ వంశానికి మూలం మాడాక్ అనే వేల్స్ రాకుమారుడు. కొలంబస్ కంటే ముందే అతను అమెరికా చేరి స్థానిక ప్రజల్లో కలిసిపోయాడని, అతని సంతతిలో నీలి కళ్లు కనిపిస్తాయని నవల చెబుతుంది. మంచి సోదరుడి వంశం నుంచి శాంతి, చెడ్డ సోదరుడి వంశం నుంచి విధ్వంసం వస్తాయి.

మాడాక్ కథ లెంగల్ కల్పన కాదు. 1170 ప్రాంతంలో అతను పడమటికి ఓడలు నడిపాడన్న ఐతిహ్యం పదహారో శతాబ్దంలో ఇంగ్లండులో అచ్చులోకెక్కింది. స్పెయిన్ కంటే ముందే అమెరికా తమదని చెప్పుకోవడానికి ఎలిజబెత్ రాణి కాలపు పండితులకు అది చక్కగా పనికొచ్చింది. ఆ తరువాత రెండు శతాబ్దాలు 'వెల్ష్ మాట్లాడే ఇండియన్ల' కోసం వెదుకులాట సాగింది. జాన్ ఎవాన్స్ అనే వెల్ష్ యువకుడు 1790లలో మిస్సోరీ నది వెంట పైకి వెళ్లి, మాండన్ ప్రజల మధ్య ఒక చలికాలం గడిపి, వారికి వెల్ష్‌తో ఏ సంబంధమూ లేదని తేల్చాడు. అయినా కథ చావలేదు. స్థానిక ప్రజల గొప్ప పనులేవైనా కనిపిస్తే అవి తెల్లవారి పూర్వీకులవే అయి ఉంటాయనుకునే వలస మనస్తత్వానికి ఈ ఐతిహ్యం అంతగా నచ్చింది.

ఈ నేపథ్యం తెలియని 1978 నాటి పాఠకులకు నీలి కళ్లు ఒక అందమైన కథా సంకేతం. స్థానిక అమెరికన్ ప్రజల దృష్టితో చదివే నేటి విమర్శకులకు అది వేరుగా కనిపిస్తుంది. ఆ ప్రజలకు మంచితనం, దివ్యదృష్టి ఓడలో వచ్చిన యూరోపియన్ రక్తంతో ముడిపడి వస్తున్నాయి. పైగా మంచి చెడులు వంశంలో ప్రవహిస్తాయన్న భావన మొదటి నవల ఆత్మకే విరుద్ధం. కామజాట్జ్ మీద మెగ్ గెలిచింది పుట్టుకతో కాదు, తాను తీసుకున్న నిర్ణయంతో.

లెంగల్ జాత్యహంకారి అని దీని నుంచి తేల్చేవారు ఉన్నారు. ఆ కాలంలో అందరూ అలాగే రాశారని సమర్థించేవారూ ఉన్నారు. రెండోది సరిపోదు. 1978 నాటికి అమెరికాలో స్థానిక ప్రజల హక్కుల ఉద్యమం వీధుల్లో ఉంది. 1973లో వూండెడ్ నీ వద్ద జరిగిన ముట్టడి ప్రపంచ వార్త అయింది. వినదలచుకున్నవారికి ఆ గొంతు వినిపించే కాలమే అది. మొదటి మాట కూడా అతిగా ఉంది. గాంధీని, బుద్ధుణ్ణి పిల్లల చేత తలపించిన మనిషే ఇది రాసింది. అన్ని చోట్లా వెలుగు చూడగలిగిన రచయిత్రి, తాను వాడుకున్న ఐతిహ్యం ఎవరి భూమి మీద ఎవరి హక్కు కోసం పుట్టిందో చూడలేదు. ఇది పుస్తకంలో ఉన్న లోపం. పాఠకులు దాన్ని గుర్తించడానికి నలభై ఏళ్లు పట్టినా, లోపం మొదటి రోజు నుంచీ ఉంది.

2018: పాత జాబితా, కొత్త ఫిర్యాదు

2018లో డిస్నీ సంస్థ కోసం ఏవా డువెర్నే మొదటి నవలను చలనచిత్రంగా తీసింది. పది కోట్ల డాలర్లకు మించిన వ్యయంతో తీసిన చిత్రానికి ఒక నల్లజాతి మహిళ దర్శకత్వం వహించడం అదే మొదటిసారి. మెగ్ పాత్రను నల్లజాతి బాలిక స్టార్మ్ రీడ్ పోషించింది. మిసెస్ హూగా భారత సంతతి నటి మిండీ కేలింగ్ కనిపించింది. 1962లో కళ్లద్దాల అమ్మాయిని చూసి తమను తాము గుర్తుపట్టినవారు ఉన్నట్లే, ఇప్పుడు గిరజాల జుట్టు మెగ్‌ను చూసి గుర్తుపట్టినవారు ఉన్నారు. చిత్రం గందరగోళంగా ఉందన్నవారూ తక్కువేమీ కాదు. నాకూ అలాగే అనిపించింది. కామజాట్జ్ వాకిళ్లలో పిల్లలు బంతులు కొట్టే దృశ్యం ఒక్కటి మాత్రం పుస్తకానికి తగినట్లుంది.

చిత్రంలో బైబిల్ వాక్యాలు లేవు. చీకటితో పోరాడినవారి ప్రస్తావనలో యేసుక్రీస్తు పేరు లేదు. దీని మీద క్రైస్తవ పాఠకుల నుంచి విమర్శ వచ్చింది. రచయిత్రి విశ్వాసాన్ని కథ నుంచి పెకలించారని, ఆ విశ్వాసం లేకపోతే మెగ్ ప్రేమకు వేరు ఉండదని వారు రాశారు. 1990లో అనిస్టన్‌లో ఫిర్యాదు ఆ పేరు ఆ జాబితాలో ఉన్నందుకు. 2018లో ఫిర్యాదు ఆ పేరు ఆ జాబితాలో లేనందుకు. ఫిర్యాదు చేసినవారు ఒకే సమాజానికి చెందినవారు. మొదటివారు కోరినట్లే రెండోసారి జరిగిందని మాత్రం వారిలో ఎవరూ సంతోషించలేదు.